ఫోనులో రాసిన పని కంప్యూటర్‌లో ఎందుకు కనిపించదు?

పనుల జాబితా రాసుకునే యాప్ మీద నమ్మకం ఒకసారి పోయిందంటే మళ్లీ కుదరడం కష్టం. ఫోనులో "బీమా ప్రీమియం కట్టాలి" అని రాసుకుంటాం. ఆఫీసుకు వెళ్లి కంప్యూటర్ తెరిస్తే అది అక్కడ ఉండదు. నిన్న పూర్తయిందని టిక్కు పెట్టిన పని ఇవాళ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఉదయం తొమ్మిదికి మోగాల్సిన రిమైండర్ మధ్యాహ్నం ఫోను చేతిలోకి తీసుకున్నాక మోగుతుంది. ఇలాంటివి రెండు మూడు ఎదురయ్యాయంటే చాలామంది యాప్‌ను తీసేసి మళ్లీ వేస్తారు, అప్పటికీ కుదరకపోతే వేరే యాప్‌కు మారిపోతారు. నెల తిరిగేసరికి అక్కడా అదే తంతు.

ఈ ఫిర్యాదులన్నిటినీ మనం "సింక్ కావడం లేదు" అనే ఒక్క మాటలో కలిపేస్తాం. నిజానికి పైన చెప్పిన మూడింటికీ మూలాలు వేరు. మొదటిదానిలో సమాచారం దారిలో ఎక్కడో ఆగిపోయింది. రెండోదానిలో రెండు పరికరాలు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట చెల్లాలో తేల్చడంలో చిక్కు వచ్చింది. మూడోదానికి సింక్‌తో సంబంధమే ఉండకపోవచ్చు. బ్యాటరీని కాపాడడానికి ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చి ఉంటుంది. రోగం ఏదో తెలుసుకోకుండా వైద్యం మొదలుపెడితే, అప్పటికి క్షేమంగా ఉన్న రాతలు కూడా పోతాయి. తీసేసి మళ్లీ వేయడం అనే చిట్కాను నేను చివరి మెట్టుగా తప్ప ఎవరికీ చెప్పకపోవడానికి కారణం అదే.

చిట్టా, ఆవర్జా

మన ఫోనులో కనిపించేది అసలు జాబితా కాదు, దాని నకలు. కంప్యూటర్‌లో ఉన్నది ఇంకొక నకలు. టుడోయిస్ట్, మైక్రోసాఫ్ట్ టు డూ, గూగుల్ టాస్క్స్, టిక్‌టిక్ వంటి వాటన్నిటిలోనూ అసలు ప్రతి ఆ సంస్థ సర్వర్‌లో ఉంటుంది. పాత దుకాణాల్లో లెక్కలు రాసే పద్ధతి తెలిసినవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాలో పడతాయి. గుమాస్తా వాటిని తీరిక చూసుకుని ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కిస్తాడు. చిట్టాలో రాసినంత మాత్రాన ఆవర్జాకు చేరినట్టు కాదు. ఫోనులో మనం చేసే ప్రతి మార్పూ ముందు ఆ ఫోను చిట్టాలో పడుతుంది. ఇంటర్నెట్ దొరికినప్పుడు సర్వర్ ఆవర్జాకు ఎక్కుతుంది. కంప్యూటర్ చదివేది ఆవర్జానే కనుక, అక్కడికి చేరని పని దానికి తెలిసే అవకాశం లేదు.

ఈ ఎక్కింపు ఎంత జాగ్రత్తగా జరగాలో టుడోయిస్ట్ ప్రచురించిన సాంకేతిక పత్రాలు చూస్తే అర్థమవుతుంది. కొత్త పని రాయగానే ఫోను దానికి ఒక తాత్కాలిక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. సర్వర్‌కు పంపే ఆదేశానికి, మరే ఆదేశానికీ లేని విడి గుర్తు ఒకటి తగిలిస్తుంది. సర్వర్ ఆ పనిని నమోదు చేసుకుని, తాత్కాలిక సంఖ్య స్థానంలో శాశ్వత సంఖ్య ఇచ్చి జవాబు పంపుతుంది. ఆ జవాబు ఫోనుకు అందేలోపు సిగ్నల్ పోయిందనుకోండి. తన ఆదేశం చేరిందో లేదో ఫోనుకు తెలియదు కాబట్టి మళ్లీ పంపుతుంది. గుర్తు పాతదే కనుక సర్వర్ రెండోసారి నమోదు చేయదు. ఇంత శ్రద్ధ తీసుకోని యాప్‌లలో అదే పని రెండుసార్లు పడుతుంది. కదిలే రైల్లోనో, లిఫ్టులోనో, సెల్లారులోనో రాసిన పనులు జంటలుగా కనిపించాయంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

తిరుగు దారిలోనూ ఒక కిటుకు ఉంది. సర్వర్ ప్రతిసారీ జాబితా మొత్తం పంపదు. కిందటిసారి ఇచ్చిన గుర్తును ఫోను చూపిస్తే, అక్కడి నుంచి ఇప్పటివరకు జరిగిన మార్పులను మాత్రమే ఇస్తుంది, కొత్త గుర్తు ఒకటి చేతిలో పెడుతుంది. డేటా ఖర్చు, బ్యాటరీ ఖర్చు తగ్గించే మంచి పద్ధతి ఇది. కానీ ఫోనులో ఉన్న నకలు ఏ కారణం వల్లనైనా పాడైతే, పైపై మార్పులు ఎన్ని వచ్చినా ఆ లోపం అలాగే మిగిలిపోతుంది. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయితే కొన్ని సమస్యలు మాయమవడం వెనక మర్మం ఇంతే: ఫోను పాత నకలును పారేసి జాబితాను మొదటి నుంచి తెచ్చుకుంటుంది. పాత నకలుతో పాటు, అప్పటికింకా ఆవర్జాకు ఎక్కని చిట్టా కూడా పోతుందన్నది చాలామంది గమనించని సంగతి.

ముందు వెబ్‌లో చూడండి

యాప్ ఏదైనా సరే, ఒక పని కనిపించనప్పుడు మొట్టమొదట చేయవలసింది ఆ సేవను బ్రౌజర్‌లో తెరిచి చూడడం. బ్రౌజర్‌లో కనిపించేది దాదాపుగా సర్వర్‌లో ఉన్నదే. అక్కడ ఆ పని ఉంటే ఫోను తన వంతు చేసింది, కంప్యూటర్‌లోని యాప్ దాన్ని తెచ్చుకోవడం లేదు. అక్కడ కూడా లేకపోతే పని ఇంకా ఫోను దాటలేదు. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది. రెండు నిమిషాలు పట్టని ఈ పని చేయకుండా గంటల తరబడి సెట్టింగ్స్ తిరగేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

పని ఫోను దాటలేదని తేలితే ఆ ఫోనులో ఏదీ తీసేయకండి, లాగౌట్ చేయకండి. ఆ పనికి ఇప్పుడు ప్రపంచంలో ఉన్న ఏకైక ప్రతి ఆ ఫోనులోనే ఉంది. ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత యాప్‌ను తెరిచి, తెర వెలుగుతూ ఉండగా, వైఫై మీద కొంతసేపు ఉంచండి. జాబితాను కిందికి లాగి వదిలితే చాలా యాప్‌లు అప్పటికప్పుడు సర్వర్‌తో మాట్లాడతాయి. మొబైల్ డేటా మీద పనిచేయక వైఫై మీద పనిచేస్తే, డేటా ఆదా ఏర్పాటు ఆ యాప్‌ను అడ్డుకుంటూ ఉండవచ్చు. ఫోనులో ఖాళీ జాగా ఎంతుందో కూడా చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలతో మెమొరీ నిండిపోయిన ఫోనులో యాప్ తన నకలును కూడా సరిగా రాసుకోలేదు.

కంప్యూటర్ వైపు తేడా ఉంటే తేదీ, సమయం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. సర్వర్‌తో భద్రంగా మాట్లాడాలంటే, అది తానెవరో రుజువు చేసుకోవడానికి చూపే ధ్రువపత్రం ఈ తేదీకి చెల్లుతుందా అని కంప్యూటర్ పరీక్షిస్తుంది. గడియారం తప్పయితే ఆ పరీక్ష విఫలమై సంబంధమే కుదరదు. యాప్ మాత్రం "కనెక్ట్ కాలేకపోయాం" అని ఊరుకుంటుంది. కంప్యూటర్ దుకాణంలో సీఆర్ 2032 బ్యాటరీ అని అడిగితే ఇస్తారు, ఖర్చు తక్కువే.

ఇక అన్నిటికంటే మామూలు కారణం రెండు అకౌంట్లు. ఫోనులో సొంత జీమెయిల్, ఆఫీసు కంప్యూటర్‌లో ఆఫీసు మెయిల్ ఉంటాయి. రెండు చోట్లా ఒకే యాప్, ఒకే రంగు, ఒకే రూపం. మైక్రోసాఫ్ట్ టు డూలో సొంత అకౌంటుకు, సంస్థ ఇచ్చిన అకౌంటుకు జాబితాలు వేర్వేరు. ఒకదానిలో రాసింది రెండోదానిలో ఎన్నడూ కనిపించదు. గూగుల్ టాస్క్స్‌లోనూ అంతే. ఫోనులో రెండు జీమెయిల్ ఖాతాలుంటే, పైన మూలన ఉన్న గుండ్రని బొమ్మ ఎవరిదో చూసుకోవాలి. సింక్ పాడైందనే ఫిర్యాదు వినగానే నేను అడిగే మొదటి ప్రశ్న రెండు చోట్లా ఈమెయిల్ చిరునామాను అక్షరం అక్షరం చదివి వినిపించమని.

పోలేదు, కనబడటం లేదంతే

మైక్రోసాఫ్ట్ టు డూలో 'మై డే' అనే పుట ఉంది. ఇవాళ చేయదలచుకున్నవి అందులోకి తెచ్చుకుంటాం. రాత్రి రోజు మారగానే అది ఖాళీ అవుతుంది. పొద్దున్నే ఖాళీ తెర చూసి, రాత్రికి రాత్రి పనులన్నీ చెరిగిపోయాయని కంగారు పడేవారు ఎందరో. అవి ఎక్కడికీ పోవు, వాటి వాటి జాబితాల్లోనే ఉంటాయి. నేరుగా 'మై డే'లోనే రాసినవి 'టాస్క్స్' అనే మూల జాబితాలో దొరుకుతాయి.

ఇలాంటి జల్లెడలు ప్రతి యాప్‌లోనూ ఉంటాయి. కంప్యూటర్‌లో "పూర్తయినవి దాచు" అని పెట్టి, ఫోనులో పెట్టకపోతే రెండు తెరల మీద రెండు లెక్కలు వస్తాయి. ఒకచోట గడువు ప్రకారం, ఇంకోచోట అక్షర క్రమంలో ఉంటే, కళ్ల ముందే ఉన్న పని కూడా దొరకదు. ఒక పని పోయిందని తీర్మానించే ముందు దాని పేరులోని ఒక మాట తీసుకుని వెతకండి.

వెతకడంలో తెలుగులో రాసుకునేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. "బ్యాంక్‌లో" అని రాసేటప్పుడు పొల్లు పొల్లుగానే నిలవాలంటే, క-కు, లో-కు మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉండాలి. లేకపోతే "బ్యాంక్లో" అని లావత్తు పడిపోతుంది. కొన్ని కీబోర్డులు ఆ కనిపించని అక్షరాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఫోనులో ఒక కీబోర్డుతో రాసి, కంప్యూటర్‌లో ఇంకో పద్ధతిలో టైపు చేసి వెతికితే రెండూ వేర్వేరు మాటలుగా తేలవచ్చు. అందుకని విభక్తి వదిలేసి "బ్యాం" వరకే కొట్టి వెతకడం మేలు. తెలుగులో రాయడం మానుకోనక్కరలేదు, పని పేరు మొదట్లో నిలకడైన మాట ఒకటి ఉండేలా చూసుకుంటే చాలు.

ఇద్దరూ మార్చితే ఎవరి మాట చెల్లుతుంది?

ఇది కొత్త సమస్య కాదు. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే అరచేతి కంప్యూటర్‌ను ఒక పీటలాంటి దానిలో నిలబెట్టి మీట నొక్కితే కంప్యూటర్‌తో జాబితాలు సరిచూసుకునేది. ఒకే నమోదును రెండు చోట్లా వేర్వేరుగా మార్చి ఉంటే, అది ఎవరి పక్షమూ వహించకుండా రెండింటినీ ఉంచేది. జంట నమోదులు విసుగు పుట్టించేవి, కానీ ఏ రాతా పోయేది కాదు. ఈ తీర్పు న్యాయమైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.

నేటి యాప్‌లు జంటలు కనబడకూడదని కోరుకుంటాయి కాబట్టి, వాటిలో చాలావరకు చివరగా రాసినదే చెల్లుతుందనే సూత్రం పాటిస్తాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. చిక్కంతా "చివరగా" అనే మాటను తేల్చడంలో ఉంది. ఉదయం ఇంటర్నెట్ లేని చోట ఫోనులో ఒక పని గడువు మార్చారు. మధ్యాహ్నం కంప్యూటర్‌లో అదే పనికి వివరణ రాశారు. సాయంత్రం ఫోను ఇంటర్నెట్‌లోకి వచ్చింది. సర్వర్‌కు చివరగా అందింది ఫోను మార్పు, మీరు చివరగా చేసింది కంప్యూటర్ మార్పు. పోనీ పరికరాల గడియారాలను నమ్ముదామంటే అవి ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. వేర్వేరు యంత్రాల్లో జరిగిన సంఘటనల్లో ఏది ముందో గడియారాలను చూసి చెప్పలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే వివరించాడు. ఆ పరిశోధన మీద నడిచిన శాస్త్రం చాలా దూరం వచ్చింది కానీ, నెలకు వంద రూపాయల యాప్‌లో అదంతా ఉంటుందని ఆశించలేం.

ఇక్కడ యాప్‌కూ యాప్‌కూ తేడా ఒక చోట తెలుస్తుంది. పనిని మొత్తంగా ఒక ముక్కగా పంపే యాప్‌లో, గడువు మార్పుతో పాటు పాత వివరణ కూడా వచ్చి కొత్త వివరణను తుడిచేస్తుంది. గడువును విడిగా, వివరణను విడిగా పంపే యాప్‌లో రెండు మార్పులూ నిలుస్తాయి. మీ యాప్ ఏ కోవకు చెందిందో ఇంట్లోనే పరీక్షించవచ్చు. పరీక్ష కోసం ఒక పని సృష్టించి, రెండు చోట్లా కనబడ్డాక, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గడువు మార్చండి. కంప్యూటర్‌లో దాని వివరణ మార్చండి. అప్పుడు ఫోనును ఇంటర్నెట్‌కు కలిపి ఏం మిగిలిందో చూడండి. కుటుంబమంతా కలిసి వాడే జాబితానో, దుకాణంలో నలుగురు పంచుకునే జాబితానో ఒక యాప్‌కు అప్పగించే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

తీసేసిన పని తిరిగి రావడం కూడా ఈ కోవలోదే. ఒక పనిని చెరిపితే సర్వర్ దాన్ని పూర్తిగా మరిచిపోకూడదు, "ఇది చెరిపేసినది" అనే గుర్తును దాచి ఉంచాలి. ఆ గుర్తును ఎంతకాలం దాచాలో సంస్థ నిర్ణయించుకుంటుంది. అలమారాలో నెలల తరబడి పడి ఉన్న పాత ట్యాబ్లెట్‌ను ఒకరోజు ఛార్జింగ్ పెట్టి తెరిచారనుకోండి. దాని నకలులో ఆ పని ఇంకా ఉంది. సర్వర్‌లో గుర్తు అప్పటికే పోయి ఉంటే, సరిగా రాయని యాప్ దాన్ని కొత్త పనిగా భావించి అందరికీ పంచిపెడుతుంది. వాడని పరికరాల్లో ముందుగానే లాగౌట్ చేసి ఉంచడం దీనికి విరుగుడు.

జాబితాను మామూలు ఫైల్‌గా డ్రాప్‌బాక్స్ వంటి చోట పెట్టుకునేవారికి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఫైల్ రెండు చోట్లా మారితే డ్రాప్‌బాక్స్ రెండో ప్రతిని వేరే పేరుతో పక్కన పెడుతుంది. ఆ పక్క ఫైల్‌ను గమనించకపోతే అందులోని పనులు పోయినట్టే ఉంటుంది. అప్పుడప్పుడు ఆ ఫోల్డర్‌ను తెరిచి చూడాలి.

పని వచ్చింది, గంట మోగలేదు

పని రెండు చోట్లా సరిగ్గా ఉండి, రిమైండర్ మాత్రం మోగకపోతే సింక్‌ను నిందించడం మానేయాలి. ఇక్కడ అధికారం ఫోనుది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా తెర ఆరి ఉన్న ఫోను గాఢ నిద్రలోకి వెళ్తుంది. ఆ నిద్రలో యాప్‌లకు ఇంటర్నెట్ అందదు. మధ్య మధ్య కాసేపు లేచినప్పుడే అవి తమ పనులు చూసుకోవాలి. 2021లో ఆండ్రాయిడ్ 12తో, చెప్పిన నిమిషానికి మోగడానికి విడిగా ఒక అనుమతి వచ్చింది. 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపడానికీ మనల్ని అడగాలి. 2023లో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు ఆ నిమిషం తప్పని మోతకు అనుమతి మొదటినుంచీ ఉండదు, మనం వెళ్లి ఇవ్వాలి. పాత ఫోనులో చక్కగా మోగిన యాప్ కొత్త ఫోనులో మూగబోయిందంటే ముందు ఇక్కడ చూడాలి. సెట్టింగ్స్‌లో యాప్‌లకు ఇచ్చే ప్రత్యేక అనుమతుల కింద అలారాలు, రిమైండర్లు అనే వరస ఉంటుంది. అందులో మీ యాప్ పక్కన మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి.

దీనికి తోడు, ఫోను తయారీ సంస్థలు బ్యాటరీ కోసం సొంతంగా పెట్టే కట్టడులు వేరు. శాంసంగ్‌లో కొంతకాలం తెరవని యాప్‌లు నిద్ర జాబితాలోకి వెళ్తాయి, అందులో గాఢ నిద్ర జాబితా అనే రెండో మెట్టు కూడా ఉంది. షావోమీలో 'ఆటోస్టార్ట్' అనుమతి లేకపోతే ఫోను రీస్టార్ట్ అయ్యాక యాప్ తనంతట తాను లేవదు. ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలోనూ ఇలాంటివి వేర్వేరు పేర్లతో ఉన్నాయి. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఈ ఫోన్లే కనుక, ఇక్కడ రిమైండర్ మోగకపోతే యాప్ రాసినవారి తప్పు కంటే ఈ కట్టడి కావడానికే అవకాశం ఎక్కువ. యాప్ పేరు మీద అదిమి పట్టి సమాచారం తెరిచి, బ్యాటరీ వరసలో కట్టడి లేకుండా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మాత్రలు వేసుకునే వేళలు గుర్తుచేసుకోవడానికి పెద్దవాళ్లు ఈ యాప్‌లను వాడుతున్నారు. వాళ్ల ఫోన్లలో ఈ సెట్టింగ్‌ను మనమే కూర్చుని సరిచేసి, ఐదు నిమిషాల తర్వాతి సమయం పెట్టి, తెర ఆర్పి, మోగేదాకా ఉండి చూడాలి.

ఐఫోనులో లెక్క వేరు. వాడిన ప్రతి యాప్‌నూ వేలితో పైకి తోసి మూసేయడం చాలామందికి అలవాటు. అలా మూసిన యాప్‌ను, మనం మళ్లీ తెరిచేదాకా, ఐఫోను వెనక నుంచి లేపి తాజా సమాచారం తెచ్చుకోనివ్వదు. అప్పటికే ఫోనులో నమోదైన రిమైండర్లు మోగుతాయి. కంప్యూటర్‌లో ఆ తర్వాత చేర్చినవి మాత్రం ఫోనుకు ఆలస్యంగా తెలియవచ్చు. ఇంకో పరిమితి ఉంది: ఒక యాప్ ముందుగా నమోదు చేసి ఉంచిన రిమైండర్లలో దగ్గర్లో మోగాల్సిన 64 మాత్రమే ఐఫోను దాచుకుంటుంది. వందల పనులకు గంటలు పెట్టుకున్నవారు వారానికి ఒకసారైనా యాప్ తెరవాలి, అప్పుడే తర్వాతివి వరసలోకి వస్తాయి.

తేదీ ఒక రోజు వెనక్కి ఎందుకు జరిగింది?

హైదరాబాద్‌లో ఉన్న తండ్రి, డాలస్‌లో ఉన్న కూతురు ఒకే జాబితా పంచుకున్నారనుకుందాం. ఆయన "జులై 10లోపు పన్ను పత్రాలు పంపాలి" అని రాశారు. గంట చెప్పలేదు, తేదీ మాత్రమే. యాప్ ఆ తేదీని తేదీగా దాచకుండా, భారత కాలమానంలో జులై 10 అర్ధరాత్రి పన్నెండు అనే ఒక క్షణంగా దాచింది. మన కాలం అంతర్జాతీయ ప్రమాణ కాలానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. కనుక సర్వర్‌లో అది జులై 9 సాయంత్రం 6:30. వేసవిలో డాలస్ ఆ ప్రమాణానికి ఐదు గంటలు వెనక. అక్కడ అది జులై 9 మధ్యాహ్నం 1:30. కూతురి ఫోనులో గడువు ఒక రోజు ముందే తీరిపోయింది. సింక్ అక్షరాలా సరిగ్గా జరిగింది, దాచిన పద్ధతి తప్పు.

క్యాలెండర్ సమాచారం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం మొదట 1998లో వచ్చింది, 2009లో దాన్ని సవరించారు. వట్టి తేదీ వేరు, ఎక్కడున్నా అక్కడి గంట ప్రకారం చెల్లే సమయం వేరు, ఫలానా ఊరి కాలమానానికి కట్టిన సమయం వేరు అని అందులో స్పష్టంగా విడదీశారు. మాత్ర వేసుకోవడం రెండో రకం: ఎక్కడున్నా ఉదయం ఎనిమిదే. విదేశంలోని పిల్లలతో ఆదివారం మాట్లాడడం మూడో రకం. మన రాత్రి 9 గంటలకు డాలస్‌లో వేసవిలో ఉదయం 10:30, శీతాకాలంలో 9:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి, ఇక్కడ మారవు. టుడోయిస్ట్ ఈ రెండు రకాలనూ విడిగా పెట్టుకోనిస్తుంది. మీ యాప్‌లో ఆ సౌకర్యం లేకపోతే, పని పేరులోనే "హైదరాబాద్ సమయం" అని రాసేయడం ఉత్తమం.

ఒక యాప్‌ను ఇంకో యాప్‌కు కలిపినప్పుడూ సమయాలు మాయమవుతాయి. గూగుల్ టాస్క్స్‌లో గంట పెట్టుకునే వీలుంది. కానీ బయటి యాప్‌లకు గూగుల్ తెరిచిన దారిలో గడువు అంటే తేదీ మాత్రమే, గంట భాగాన్ని అది వదిలేస్తుంది. కనుక గూగుల్ టాస్క్స్‌కు కలిపిన మరో యాప్‌లో సాయంత్రం నాలుగు అని పెట్టుకున్నా, అటువైపు తేదీ ఒక్కటే చేరుతుంది. ఎన్ని సెట్టింగ్స్ మార్చినా ఫలితం ఉండదు. ఆపిల్ రిమైండర్స్ విషయంలో 2019లో ఇలాంటిదే జరిగింది. ఐఓఎస్ 13లో జాబితాలను కొత్త పద్ధతికి మార్చుకున్నవారికి, పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే తమ మ్యాక్ కంప్యూటర్‌లో అవి కనిపించకుండా పోయాయి. యాప్ ఏదైనా సరే, "అప్‌గ్రేడ్ చేయాలా" అని అడిగినప్పుడు మీ దగ్గరున్న అన్ని పరికరాలూ ఆ కొత్త పద్ధతికి తగినవేనా అని ముందు చూసుకోవాలి.

మళ్లీ మళ్లీ వచ్చే పనుల్లో ఇంకొన్ని ముళ్లున్నాయి. ప్రతి నెలా 31న అని పెడితే, పైన చెప్పిన క్యాలెండర్ ప్రమాణం ప్రకారం 31 లేని నెలలు వదిలేయాలి. కొన్ని యాప్‌లు మాత్రం ఆ నెల చివరి రోజుకు జరుపుతాయి. యాప్ మారినప్పుడు ఈ తేడా వల్ల ఒక వాయిదా జారిపోవచ్చు. నెలాఖరు చెల్లింపులకు 28వ తేదీ పెట్టుకోవడం క్షేమం. కిస్తీ వంటిది తేదీ ప్రకారం తిరగాలి. నీళ్ల ఫిల్టర్ మార్చడం వంటిది చేసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈ రెండూ వేర్వేరు అమరికలు. అదే పనికి ఫోనులో ఒకసారి, ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్‌లో ఒకసారి టిక్కు పెడితే, కొన్ని యాప్‌లలో తేదీ రెండు విడతలు ముందుకు దూకుతుంది.

తిథులతో వచ్చే పనులకు ఏ "ప్రతి ఏటా" మీటా పనికిరాదు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. పెద్దల సంవత్సరీకం గుర్తుండాలని తేదీ ప్రకారం ప్రతి ఏటా మోగేలా పెట్టుకుంటే రెండో ఏడే తప్పుతుంది. అధిక మాసం వచ్చిన ఏడు ఇంకా దూరం జరుగుతుంది. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ ఏటి తిథులు చూసి విడి విడిగా తేదీలు వేసుకోవాలి. "పంచాంగం చూసి తేదీలు నింపాలి" అనే ఒక్క పనిని మాత్రం ప్రతి మార్చి నెలలో మోగేలా పెట్టుకోవచ్చు.

యాప్ మూతపడితే

బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొన్నది, 2020 మే 6న మూసేసింది. ఆండ్రాయిడ్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న ఆస్ట్రిడ్‌ను యాహూ 2013 మేలో కొని, అదే ఏడు ఆగస్టులో ఆపేసింది. ఆస్ట్రిడ్ మూల కోడ్ అందరికీ తెరిచి ఉండడం వల్ల దానిలోంచి టాస్క్స్.ఆర్గ్ అనే యాప్ పుట్టి నేటికీ నడుస్తోంది. అలాంటి అదృష్టం అన్నిటికీ పట్టదు. అసలు ప్రతి మరొకరి సర్వర్‌లో ఉన్నంతకాలం మన చేతిలో కూడా ఒక ప్రతి ఉండాలి. సింక్‌ను బ్యాకప్ అనుకోవడం ప్రమాదం. పొరపాటున జాబితా మొత్తం చెరిపితే, ఆ చెరపడం కూడా అంతే నమ్మకంగా అన్ని పరికరాలకూ చేరుతుంది.

కొన్ని సేవల్లో జాబితాలను సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే కామాలతో విడదీసిన వట్టి పట్టికగా, దింపుకునే వీలుంది. దింపుకున్న ఫైల్‌ను విండోస్‌లో రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో అర్థం లేని గుర్తుల వరస కనబడవచ్చు. ఫైల్ పాడైందని పారేయకండి, అందులో తెలుగు భద్రంగానే ఉంటుంది. ఎక్సెల్ దాన్ని వేరే సంకేత పద్ధతిలో చదివిందంతే. ఆ స్థితిలో సేవ్ మాత్రం చేయకండి, చేస్తే నిజంగానే పాడవుతుంది. మూసేసి, ఖాళీ షీటు తెరిచి, డేటా వరసలో టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెచ్చుకునే మీట నొక్కి ఆ ఫైల్‌ను ఎంచుకోండి. అప్పుడు వచ్చే చిన్న తెరలో ఫైల్ మూలం అనే చోట 65001, యూనికోడ్ యూటీఎఫ్-8 అని ఉండేలా మార్చండి. కింద నమూనాగా చూపే వరసల్లో తెలుగు తెలుగులాగే కనబడితే, పూర్తిగా లోపలికి తెచ్చుకుని, ఎక్సెల్ వర్క్‌బుక్‌గా వేరే పేరుతో దాచుకోండి. మొదట దింపుకున్న సీఎస్‌వీని కూడా అలాగే ఉంచండి, రేపు మరో యాప్‌లోకి మారాలంటే అడిగేది దాన్నే.